దుమ్మును బ్లేడు దగ్గరే ఆపాలి



ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనకున్న బ్యానరు మీద ఉంది. కానీ ఈ హాల్లో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆయన పెద్దమేస్త్రి. ఈ సాయంత్రం నేనూ అలాగే అంటాను. పాలమూరు నుంచి చిన్నవయసులో హైదరాబాదు వచ్చి మొదట ఇటుకలు మోశారు. తర్వాత తాపీ పట్టారు. చివరికి ఎంతోమందికి పని చూపించే మేస్త్రి అయ్యారు. ఆయన చేతి గోడలు ఈ నగరంలో ఎన్ని ఉన్నాయో ఆయన కొడుకులకే లెక్క తెలియదు.

నేను ఛాతీ వైద్యుణ్ణి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చూసే రోజుల్లో ఆయన తరచూ ఎవరో ఒక కూలీని వెంటబెట్టుకుని వచ్చేవారు. భుజాన గుడ్డసంచి. అందులో నాలుగైదు ఎక్స్‌రేలు, ఒక పొడుగాటి లెక్కల పుస్తకం. కూలి లెక్కలు వెనకపేజీల్లో ఉండేవి. ముందుపేజీల్లో మాత్రం మనిషికో పేజీ: ఏ ఊరు, ఏ ఏడు పనిలోకి వచ్చాడు, ఎక్కడెక్కడ చేశాడు, చేతిలో ఏ మిషను ఉండేది, దగ్గు ఎప్పుడు మొదలైంది. "సార్, వీనికి టీబీ అని రెండుసార్లు మందులిచ్చిండ్రు. దమ్ము తగ్గుతలేదు. ఏడేండ్లు గ్రానైటు కోసిండు, జర చూడుండ్రి" అనేవారు. రోగి చరిత్రను అంత శ్రద్ధగా రాసిన కేసుషీటు నేను పెద్ద ఆసుపత్రుల్లో కూడా అరుదుగా చూశాను.

ఈ రోజు నేను చెప్పదలచింది ఒక్కటే. దుమ్ము కూలీ ముక్కుదాకా వచ్చాక చేసేదేమీ పెద్దగా లేదు. బ్లేడు రాయిని తాకేచోటే దాన్ని ఆపాలి. ఆ ఏర్పాటు చేసి మిషను చేతికివ్వడం పని చేయించేవాళ్ల బాధ్యత. ఈ మాటకు ఆధారాలేమిటో అంచెలంచెలుగా చెబుతాను.

1. రాయి దుమ్మైనప్పుడు

ఇల్లు కట్టే సామాను ఏది తీసుకున్నా దాదాపు అన్నిటిలోనూ సిలికా ఉంటుంది. మన ఊళ్లలో పలుగురాయి అంటామే, అదే. ఇసుకరాయిలో నూటికి 70 నుంచి 90 పాళ్లు, గ్రానైటులో 20 నుంచి 45, కాంక్రీటులో 25 నుంచి 70 పాళ్ల దాకా ఉండొచ్చు. ఇటుకలో ఉంది, టైల్సులో ఉంది. ఈమధ్య వంటింటి గట్లకు వేస్తున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో 90 పాళ్లు దాటుతుంది. పాలరాయిలో మాత్రం చాలా తక్కువ.

రాయి రాయిగా ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. దాన్ని కోసినప్పుడు, అరగదీసినప్పుడు, చిప్పింగ్ చేసినప్పుడు, డ్రిల్లు దింపినప్పుడు పొడి లేస్తుంది. కళ్లలో పడి మండించేది, కనుబొమల మీద తెల్లగా పేరుకునేది పెద్ద నలుసు. దాన్ని ముక్కు, గొంతు చాలావరకు పట్టి బయటికి నెట్టేస్తాయి. ప్రాణం తీసేది అది కాదు. సుమారు నాలుగు మైక్రాన్ల లోపు ఉండే రేణువు కంటికి ఆనదు. పని ఆగాక కూడా గాలిలో చాలాసేపు తేలుతుంది, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది.

అక్కడ కాపలా కాసే కణాలు ఉంటాయి. లోపలికి వచ్చిన క్రిమినో మసినో మింగి తీసుకుపోవడం వాటి పని. పలుగురాయి రేణువును మింగిన కణం దాన్ని కరిగించలేక తానే చస్తుంది. రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఈ పోరులో లోపల వాపు వస్తుంది, వాపు మచ్చ కడుతుంది, మచ్చలు గడ్డలవుతాయి. మచ్చ కట్టిన ఊపిరితిత్తి సాగదు. అందుకే మేడ మెట్లెక్కే మనిషి మొదట రెండో అంతస్తులో ఆగుతాడు, తర్వాత మొదటి అంతస్తులోనే ఆగుతాడు. పని మానేసినా మచ్చ పెరుగుతూనే ఉండొచ్చు. దీన్ని వెనక్కి తిప్పే మందు ఈనాటికీ లేదు. సిలికోసిస్ అనే ఈ రోగం గురించి వైద్యుడిగా నేను ఒప్పుకోవలసిన మొదటి సత్యం ఇది.

ఎంత దుమ్ము ఎక్కువ? అమెరికాలో నిర్మాణ పనులకు పెట్టిన హద్దు ఘనమీటరు గాలికి 50 మైక్రోగ్రాములు, ఎనిమిది గంటల సగటున. ఒక షిఫ్టులో మనిషి పీల్చే గాలి సుమారు 10 ఘనమీటర్లు. అంటే రోజంతటికీ కలిపి అర మిల్లీగ్రాము. ఎనిమిదో తొమ్మిదో ఉప్పు రేణువుల బరువు. గది తలుపులు మూసి గ్రైండరుతో కాంక్రీటును పొడిగా అరగదీస్తే ఆ కోటా కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది.

2. ఏం పని చేస్తావు?

ఇంత ప్రమాదకరమైన రోగం మన లెక్కల్లో ఎందుకు కనపడదు? మూడు కారణాలు కలిసి దాన్ని దాచేస్తున్నాయి.

ఒకటి కాలం. సాధారణంగా పదేళ్లు, ఇరవై ఏళ్లు దుమ్ములో చేశాకే ఎక్స్‌రేలో చుక్కలు తేలతాయి. దుమ్ము మరీ ఎక్కువైతే ఐదేళ్లకే రావచ్చు, ఇంకా ముందూ రావచ్చు. రోగం బయటపడే వేళకు కూలీ పది మంది కాంట్రాక్టర్ల దగ్గర చేసి ఉంటాడు. రెండోది వలస. ఆయాసం ముదిరాక ఎవరూ నగరంలో ఉండరు. పాలమూరుకో, శ్రీకాకుళానికో, ఒడిశాకో తిరిగి వెళతారు. చావు అక్కడ నమోదవుతుంది, దుమ్ము ఇక్కడ ఉండిపోతుంది.

మూడోది మా వైద్యులకు సంబంధించింది. సిలికోసిస్ మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగాల్లో వస్తాయి. టీబీ కూడా అక్కడే వస్తుంది. దగ్గు, బరువు తగ్గడం, ఆయాసం రెండింటికీ ఉంటాయి. పైగా సిలికా దుమ్ము తిన్న ఊపిరితిత్తికి టీబీ సోకే ప్రమాదం మామూలు కంటే మూడింతలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ. కాబట్టి టీబీ అని రాసిన డాక్టరు ప్రతిసారీ తప్పు రాశాడని నేను అనను. చాలాసార్లు అది నిజంగానే టీబీ. దాని కింద ఇంకో రోగం ఉందని గుర్తించకపోవడమే లోపం.

వృత్తి రోగాల మీద 1700లో గ్రంథం రాసిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని రోగిని అడిగే ప్రశ్నలకు ఇంకొకటి కలపమన్నాడు: నువ్వు చేసే పనేమిటి అని. రాళ్లు కొట్టేవాళ్ల ఊపిరితిత్తుల గురించి ఆయన అప్పుడే రాశాడు. మూడు శతాబ్దాలు గడిచాయి. మన ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు రాయడానికి గీతలున్నాయి. పని రాయడానికి చాలాచోట్ల గీత లేదు. ఉన్నచోట "కూలీ" అని రాసి ఊరుకుంటాం. సెంట్రింగ్ కూలీ వేరు, గ్రానైటు కోసే కూలీ వేరు. పెద్దమేస్త్రి గారి పుస్తకంలో ఆ తేడా ఉండేది.

ఇక్కడున్న విద్యార్థులెవరైనా వైద్యం వైపు వెళితే ఈ ఒక్క ప్రశ్న మరిచిపోకండి. "ఏం పని?" అని అడిగి ఆగకండి. చేతిలో ఏ మిషను, తడిగానా పొడిగానా, ఎన్నేళ్లు? ఈ మూడూ అడగండి.

3. తెలియక జరిగింది కాదు

ఈ రోగం కొత్తది కాదు, దీన్ని ఆపడానికి కొత్తగా కనుక్కోవలసింది ఏమీ మిగిలి లేదు. కోలార్ బంగారు గనుల్లోకి తెలుగు, తమిళ ఊళ్ల నుంచి వెళ్లినవాళ్ల ఊపిరితిత్తులు పాడవుతుంటే మైసూరు సంస్థానం 1940లోనే సిలికోసిస్ నియమాలు తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన రోగాల పట్టికలో చేర్చింది. కానీ అపార్టుమెంటు కడుతున్న చోటు ఫ్యాక్టరీ కాదు. ఆ పట్టిక మన పనివాళ్ల దాకా రాలేదు.

ఇంకొక సంఘటన చెప్పాలి. అది అమెరికాది, అయినా మనకు దగ్గరిదే. 1930లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో గాలీ బ్రిడ్జ్ అనే ఊరి దగ్గర కొండను తొలిచి నదిని మళ్లించే సొరంగం మొదలుపెట్టారు. హాక్స్ నెస్ట్ సొరంగం అంటారు. మూడు మైళ్ల పొడవు. ఆర్థిక మాంద్యం రోజులు. దక్షిణాది నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, సొరంగంలోకి దిగారు. కొండ లోపలి రాయి దాదాపు శుద్ధమైన సిలికా. ఎంత శుద్ధమంటే, తవ్వి తీసిన ఆ రాయిని కంపెనీ తన లోహాల కర్మాగారానికి వాడుకుంది. అంటే ఆ రాయి ఏమిటో వాళ్లకు బాగా తెలుసు.

నీళ్లు పోస్తూ డ్రిల్లు చేయడం అప్పటికి కొత్త విద్య కాదు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వచ్చింది. నీళ్లు పోస్తే పని నెమ్మదిస్తుందని ఇక్కడ పొడిగా చేయించారు. తనిఖీకి వచ్చిన అధికారులు మాస్కులు పెట్టుకున్నారని, కూలీలకు అవి లేవని తర్వాత జరిగిన విచారణల్లో బయటపడింది. ఏళ్లు కాదు, నెలల్లోనే జనం చనిపోవడం మొదలైంది. ఆ చావులకు సొరంగ రోగమనీ న్యుమోనియా అనీ పేర్లు పెట్టారు. మార్టిన్ చెర్నియాక్ అనే వైద్యుడు ఎంతో కాలం తర్వాత, 1980లలో, రికార్డులు తిరగేసి కనీసం 764 మంది చనిపోయి ఉంటారని లెక్క తేల్చాడు.

ఆ ప్రాజెక్టు యూనియన్ కార్బైడ్‌ది. 1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ దుర్ఘటనప్పుడు మనం విన్న పేరే.

దుమ్ము సంగతి తెలిసినవాళ్లు తమ ముక్కు మూసుకున్నారు. డ్రిల్లు దగ్గర నీళ్లు మాత్రం పోయించలేదు. ఇవాళ్టి మన పనిచోట్లలో అంత చావు ఒక్కసారిగా జరగదు. ఒక్కొక్కరుగా, ఊళ్లకు వెళ్లిపోయాక జరుగుతుంది.

4. బ్లేడు దగ్గర

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాస్త ఓపిగ్గా వినండి, ఇందులో పనిముట్ల సంగతి ఎక్కువ.

సగం కట్టిన అపార్టుమెంటు ఐదో అంతస్తు. వంటగట్టుకు గ్రానైటు కోస్తున్న కుర్రాడు గొంతుక్కూచుని, ఒక కాలు బండ మీద అదిమిపెట్టి, నాలుగంగుళాల కటరు నడుపుతున్నాడు. ముక్కుకు తువ్వాలు. బ్లేడు వెనక తెల్లటి తోక లేస్తోంది. పని అయ్యాక కుర్రాడు బీడీ కోసం బాల్కనీలోకి వెళతాడు. వాళ్ల వదిన చీపురు పట్టుకుని వచ్చి పొడిపొడిగా ఊడుస్తుంది. నేలకు దిగిన దుమ్ము మళ్లీ లేస్తుంది. ఆమె కొంగు అడ్డం పెట్టుకుంటుంది. మెట్ల కింద చీరతో కట్టిన ఉయ్యాల్లో పసివాడు. కోసేవాడి రోగమే అనుకుంటాం గానీ, ఆ దుమ్ము ఆ ముగ్గురిదీ.

తువ్వాలు, కొంగు, కరోనా రోజుల్లో అలవాటైన నీలిరంగు మాస్కు నేను చెప్పిన సన్న రేణువును ఆపవు. ఎన్95 రకం ఆపుతుంది, అదీ ముఖానికి గాలి చొరకుండా అతుక్కున్నప్పుడు. గడ్డం ఉంటే అతుక్కోదు. మే నెల ఎండలో స్లాబు మీద ఎనిమిది గంటలు దాన్ని పెట్టుకుని ఎవరూ పని చేయలేరు. మాస్కు వద్దని నేను అనడం లేదు. అది చివరి అడ్డు. మొదటి అడ్డుగా మాస్కునే పెడితే మొత్తం భారం కూలీ మీద పడుతుంది, రోగం వస్తే మాస్కు పెట్టుకోలేదని నింద కూడా అతని మీదే పడుతుంది.

మొదటి అడ్డు నీళ్లు. చాలా కంపెనీల మార్బుల్ కటర్లతో పాటు సన్నటి నీళ్ల గొట్టం వస్తుంది. బ్లేడు మీద ధార పడేలా బిగించుకోవాలి. ఆ గొట్టం చాలాసార్లు అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. బ్రిటన్ భద్రతా సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్ద కటాఫ్ రంపానికి కూడా నిమిషానికి అర లీటరు నీరు చాలు. ధార సరిగ్గా బ్లేడు రాయిని తాకేచోట పడాలి. పక్కన మగ్గుతో ఒంపితే సరిపోదు. అలా సరిగా పడితే దుమ్ములో చాలా భాగం లేవకముందే బురదై దిగిపోతుంది. ఆ బురదను ఎండనివ్వకుండా ఎత్తేయాలి. ఎండితే అదే మళ్లీ దుమ్ము.

మేస్త్రులు అడిగే ప్రశ్న నాకు తెలుసు: కరెంటు మిషను, నీళ్లు, షాకు కొడితే? న్యాయమైన భయం. అందుకే నీళ్ల కోసం తయారుచేసిన మిషనుకే నీళ్లు పెట్టాలి, లైనులో షాకు తగలగానే కరెంటు కట్ చేసే ఈఎల్‌సీబీ ఉండాలి, వైర్లు అతుకుల్లేకుండా ఉండాలి. మామూలు గ్రైండరు మీద నీళ్లు పోయకూడదు. దానికి రెండో మార్గం ఉంది. బ్లేడు చుట్టూ తొడుగు వేసి, దానికి గొట్టం తగిలించి, సన్నని దుమ్మునూ పట్టే వడపోత ఉన్న వ్యాక్యూమ్‌తో లాగేయడం. గోడకు వైర్ల గాడి కొట్టేటప్పుడు, పైకప్పు కాంక్రీటు అరగదీసేటప్పుడు ఇదే దారి. ఊడ్చే ముందు నేల తడపాలి. గాలి గొట్టంతో బట్టల దుమ్ము ఊదుకోవడం మానాలి.

ఇదంతా నిజంగా పని చేస్తుందా? చేసినచోటు ఉంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని బ్యారీ గ్రానైటుకు పేరున్న ఊరు. గాలితో నడిచే పనిముట్లు వచ్చాక అక్కడి శిల్పులు సిలికోసిస్‌తో, దానికి తోడైన టీబీతో పెద్దఎత్తున చనిపోయారు. 1930ల చివర షెడ్లలో ప్రతి పనిముట్టు దగ్గరా దుమ్మును లాగే గొట్టాలు పెట్టించారు. రాయి అదే, పని అదే, ఊరు అదే. 1940 తర్వాత పనిలో చేరినవాళ్లలో సిలికోసిస్ చాలా అరుదైపోయింది. వాళ్లను కాపాడింది మందు కాదు. నేను డాక్టర్నయినా ఈ మాట గట్టిగా చెబుతాను.

అదే దేశంలో 2016లో నిర్మాణ పనులకు కొత్త నియమం వచ్చింది. అందులో నాకు నచ్చింది హద్దు అంకె కాదు, దానితో ఇచ్చిన ఒక పట్టిక. 18 రకాల పనులు, ఒక్కోదానికి ఏ మిషను, నీళ్లా వ్యాక్యూమా, మాస్కు కూడా కావాలా అక్కర్లేదా అని రాశారు. ఆ పట్టిక ప్రకారం చేసే కాంట్రాక్టరు గాలిని కొలిపించనక్కర్లేదు. మన దగ్గర మైక్రోగ్రాములు కొలిచే యంత్రం ప్రతి పనిచోటికీ రాదు. కానీ కటరుకు నీళ్ల గొట్టం ఉందో లేదో చూడటానికి యంత్రం అక్కర్లేదు, కళ్లు చాలు. అలాంటి పట్టిక తెలుగులో, బొమ్మలతో, ప్రతి సిమెంటు దుకాణంలో, మిషన్లు అద్దెకిచ్చే ప్రతి షాపులో గోడకు అంటించాలి. అద్దె షాపు అనడంలో నాకో ఉద్దేశం ఉంది. చిన్న పనివాడు మిషను కొనడు, అద్దెకు తెస్తాడు. గొట్టం లేని కటరును అద్దెకివ్వకూడదన్న షరతు ఒక్కటి పెడితే ఎన్నో ఊపిరితిత్తులు మిగులుతాయి.

కొన్ని వస్తువుల విషయంలో ఇదీ చాలదు. కృత్రిమ క్వార్ట్జ్ పలకలు కోసే యువకులు కొద్ది ఏళ్లలోనే సిలికోసిస్ పాలవడంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటినే నిషేధించింది. మన వంటిళ్లకు ఆ పలకలు ఇప్పుడిప్పుడే ఎక్కువగా వస్తున్నాయి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఈ సభలో ఉంటే ఆలోచించండి.

5. ఖర్చు ఎవరిది?

నీళ్ల ట్యాంకు, గొట్టం, ఈఎల్‌సీబీ, వ్యాక్యూమ్ అన్నీ డబ్బుతో పనే. చదరపు అడుగుకు ఇంత అని గుత్తకు తీసుకున్న టైల్స్ మేస్త్రిని ఆ ఖర్చు పెట్టుకోమంటే పెట్టుకోడు. నెమ్మదిగా చేస్తే ఆ రోజు కూలి గిట్టదు. అతన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కాబట్టి ఆ ఖర్చు టెండరులోనే, ఎస్టిమేటులోనే విడిగా కనపడాలి. ఇంజనీరింగ్ విద్యార్థులు ఇసుక, సిమెంటు, ఉక్కు లెక్కలు కట్టడం నేర్చుకుంటారు. దుమ్ము అదుపు అని ఇంకో వరస రాయండి. వరస ఉంటే బిల్లు వస్తుంది, బిల్లు వస్తే పని జరుగుతుంది.

ప్రభుత్వం దగ్గర డబ్బు లేదా? 1996 నిర్మాణ కార్మికుల చట్టాలు కట్టడపు ఖర్చులో ఒక శాతం సెస్సుగా వసూలు చేసి సంక్షేమ బోర్డులకు ఇమ్మన్నాయి. వేల కోట్లు పోగయ్యాయి. ఆ డబ్బు కార్మికులకు చేరడం లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో తీవ్రంగా బాధపడుతూ తీర్పు ఇచ్చింది. ప్రమాదంలో పోయినవాడికి సాయం దొరుకుతుంది, పెళ్లికి, కాన్పుకు సాయం ఉంది. మంచిదే. దుమ్ముతో పోయినవాడు మాత్రం మామూలు చావు కింద జమ అవుతాడు. రాజస్థాన్ 2019లో విధానం తెచ్చి, సిలికోసిస్ అని ధ్రువీకరిస్తే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు ఇస్తోంది. ధ్రువీకరించడానికి జిల్లాల్లో వైద్య మండళ్లు పెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాలూ అంతమాత్రం చేయలేనంత పేదవి కావు.

కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబరులో అమల్లోకి వచ్చాయి. యజమాని తన ఖర్చుతో ఏటా వైద్య పరీక్ష చేయించాలన్న మాట వాటిలో ఉంది. ఆ పరీక్ష బీపీ, షుగరుతో అయిపోకూడదు. దుమ్ము పని చేసేవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే, ఊదించి చూసే స్పైరోమెట్రీ ఉండాలి. నియమాలు రాసే అధికారులకు ఈ ఉపన్యాసం అచ్చయ్యాక ఒక ప్రతి పంపమని నిర్వాహకుల్ని కోరుతున్నాను.

6. ఇప్పటికే దుమ్ము తిన్నవాళ్లు

ఇక ఈ హాల్లో ఉన్న కార్మికులతో నేరుగా రెండు మాటలు. మందు లేదని మొదట్లో చెప్పాను. చేయగలిగింది లేదని కాదు. ఎక్స్‌రేలో చుక్కలు కనపడితే వెంటనే పొడి కటింగు మానాలి. వేరే పనికి మార్చమని మేస్త్రిని అడగండి, మేస్త్రులారా, అడిగినవాడిని తీసేయకండి. బీడీ, సిగరెట్టు మానాలి. సిలికా దానంతటదే కేన్సరు కారకమని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది, పొగ తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. టీబీ పరీక్ష చేయించుకోవాలి, టీబీ ఉంటే దానికి మందు ఉంది, పూర్తి కోర్సు వాడాలి. ఇంటికి వెళ్లే ముందు బట్టలు మార్చుకోండి, పిల్లల్ని ఆ బట్టలతో ఎత్తుకోకండి. పనిచేసిన చోట్లు, ఏళ్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు పరిహారం అడగాలంటే ఆ కాగితమే సాక్ష్యం.

ఈ ఆదివారం యూనియన్ ఆఫీసులో ఎక్స్‌రే శిబిరం ఉంది. ఉదయం తొమ్మిదికి మొదలవుతుంది, నేనూ ఉంటాను. బయట బల్ల దగ్గర పేర్లు రాసుకుంటున్నారు. ఐదేళ్లు పైబడి కటింగు, గ్రైండింగు, చిప్పింగు చేసినవాళ్లు దగ్గు లేకపోయినా ముందు పేరివ్వండి. ఊడ్చే పని చేసే అక్కలు, చెల్లెళ్లు కూడా ఇవ్వాలి. మాది కటింగు పని కాదు కదా అనుకోవద్దు.